హైదరాబాద్ డాబా మీద పెల్లెట్ గ్రిల్: సెన్సర్, కంట్రోలర్ ఎంపికలో ఏది చూడాలి?

చెక్క గుళికలను (పెల్లెట్లను) తానే తోసుకుంటూ మండించే పెల్లెట్ గ్రిల్ కొనడానికి వెళ్లినవారికి దుకాణంలో మొదట చూపించేది డిస్‌ప్లే, ఆ తరువాత ఫోన్‌లోని యాప్, ఆపైన రేకు మందం. డిస్‌ప్లే మీద 110 అని కనిపిస్తే లోపల 110 డిగ్రీలు ఉన్నట్టే అనుకొని ఇంటికి తెచ్చుకుంటాము. నిజానికి ఆ అంకె గ్రిల్ లోపలి గోడకు బిగించిన పెన్సిల్ మందం లోహపు పుల్ల, అంటే సెన్సర్, ఎంత వేడెక్కిందో మాత్రమే చెబుతుంది. మాంసం ఉన్న చోట వేడి ఎంత, ఆ అంకెను చూసి యంత్రాన్ని నడిపే కంట్రోలర్ ఏ నిర్ణయం తీసుకుంటుంది, ఆ పుల్ల పాడైన రోజున ఏమి చేస్తుంది అనే మూడు ప్రశ్నలకు డిస్‌ప్లేలో జవాబు దొరకదు. గ్రిల్‌కూ గ్రిల్‌కూ మధ్య అసలు తేడా ఈ మూడింటిలోనే ఉంటుంది కాబట్టి ఈ వ్యాసం వాటికే పరిమితం. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లోనే ఇస్తున్నాను. విదేశీ గ్రిల్ మీద 225 ఫారెన్‌హీట్ అని ఉంటే అది మన లెక్కలో 107 డిగ్రీలు, 350 అని ఉంటే 177, 500 అని ఉంటే 260.

ముందుగా ఒక హెచ్చరిక. సీఖ్ కబాబులు, నాన్‌ల కోసం పెల్లెట్ గ్రిల్ కొనదలచినవారికి ఏ కంట్రోలరూ సహాయపడదు. తందూర్ లోపలి గోడ 400 డిగ్రీలు దాటుతుంది. పెల్లెట్ గ్రిల్స్‌లో ఎక్కువ భాగం 230 నుంచి 260 డిగ్రీల వద్ద ఆగిపోతాయి. మంట నేరుగా తగిలేలా కింది పలకను జరిపే ఏర్పాటు ఉన్న మోడల్ అయితే కొంత ఫలితం ఉంటుంది, లేకపోతే బొగ్గుల సిగిడీయే మేలు. మటన్ రాన్, నిండు కోడి, మేక జబ్బ వంటివి గంటల తరబడి నెమ్మదిగా, పొగ వాసన పట్టేలా వండాలనుకునేవారికే ఇక్కడి నుంచి చదవడం ఉపయోగం.

గుళిక పడ్డాక ఏమవుతుంది?

రంపపు పొట్టును ఒత్తి చేసిన, సుమారు 6 మిల్లీమీటర్ల మందంతో బలపం ముక్కల్లా ఉండే గుళికలను హాపర్ అనే పెట్టెలో పోస్తాము. కీమా మిషన్‌లోని మర వంటి ఆగర్ వాటిని ఫైర్‌పాట్ అనే చిన్న గిన్నెలోకి తోస్తుంది. ఇగ్నైటర్ కడ్డీ అంటిస్తుంది, బ్లోయర్ గాలి ఊదుతుంది. సెగ పెంచడానికీ తగ్గించడానికీ యంత్రం చేతిలో ఉన్న ప్రధాన సాధనం ఒక్కటే: ఆగర్ ఎంతసేపు తిరగాలి, ఎంతసేపు ఆగాలి. గ్యాస్ పొయ్యి చెవి తిప్పినట్టు ఇక్కడ ఫలితం వెంటనే రాదు. ఇప్పుడు పడిన గుళిక అంటుకోవడానికి కొంత సమయం, ఆ వేడి గ్రిల్ అంతటా పరచుకోవడానికి మరికొంత సమయం పడుతుంది. ఈ ఆలస్యాన్ని ఎలా తట్టుకుంటుందన్న దానిని బట్టే కంట్రోలర్ల మంచిచెడ్డలు తేలుతాయి.

టైమర్, థర్మోస్టాట్, పీఐడీ

1980ల మధ్యలో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో జో ట్రేగర్ ఈ గ్రిల్‌ను రూపొందించినప్పుడు అందులో ఉష్ణోగ్రతను కొలిచే సెన్సరే లేదు. తొలి గ్రిల్స్‌కు తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అనే మూడు స్థానాల స్విచ్ ఉండేది, అంతే. తరువాత డిజిటల్ కంట్రోలర్లు వచ్చినా, పొగ పెట్టే సెట్టింగ్‌లో పాత టైమర్ పద్ధతే మిగిలింది. దానిని పీ-సెట్టింగ్ అంటారు. సాధారణంగా కనిపించే లెక్క ప్రకారం ఆగర్ 15 సెకన్లు తిరుగుతుంది, ఆ తరువాత పీ-0లో 45 సెకన్లు, పీ-1లో 55, పీ-2లో 65, ఇలా పది పది సెకన్లు పెరుగుతూ విశ్రాంతి తీసుకుంటుంది. అంటే పీ-2లో ఆగర్ మొత్తం సమయంలో దాదాపు 19 శాతం, పీ-4లో 15 శాతం తిరుగుతుంది. బయట ఎండ ఎంత ఉందో, గాలి ఎలా వీస్తోందో చూసి అంకెను మార్చవలసింది మనమే. కాబట్టి మే నెలలో 42 డిగ్రీల ఎండలో ఒక అంకె, డిసెంబర్ రాత్రి 14 డిగ్రీల చలిలో మరొక అంకె అవసరమవుతాయి.

ఈ రకం గ్రిల్‌ను అమెరికా నుంచి సామానుతో పాటు తెచ్చుకున్నవారు నగరంలో కొందరున్నారు. వారికి కొనుగోలు కన్నా ముందే తెలియవలసిన విషయం ఒకటి ఉంది. మా బావగారు తెచ్చిన గ్రిల్‌తో అది నాకు తెలిసివచ్చింది. ఆయన బుద్ధిగా 230 వోల్టులను 120కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కొన్నారు. అలా కొనకుండా నేరుగా ప్లగ్ పెట్టి ఉంటే, 300 వాట్ల ఇగ్నైటర్ మూడున్నర రెట్లకు పైగా శక్తిని లాగి మొదటి నిమిషాల్లోనే కాలిపోయేది. అయినా గ్రిల్ ఎప్పుడూ అనుకున్న వేడికి చేరలేదు, పొగ సెట్టింగ్‌లో రెండుసార్లు ఆరిపోయింది. కారణం వోల్టేజీ కాదు, ఫ్రీక్వెన్సీ. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను మారుస్తుంది గానీ మన 50 హెర్ట్జ్‌ను అమెరికా 60 హెర్ట్జ్‌గా మార్చదు. పాత తరహా ఏసీ గేర్ మోటారు వేగం ఫ్రీక్వెన్సీని అనుసరిస్తుంది కాబట్టి ఆగర్ ఇక్కడ సుమారు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది. 19 శాతంలో ఆరో వంతు తీసివేస్తే దాదాపు 15.6 మిగులుతుంది. అంటే అక్కడి పీ-2 హైదరాబాద్‌కు వచ్చేసరికి పీ-4కు దగ్గరగా మారిపోయింది. పీ-0కు దించాక గ్రిల్ నిలకడగా మండింది. బ్లోయర్ కూడా ఏసీ మోటారే అయితే గాలి సైతం కొంత తగ్గుతుంది. డీసీ మోటార్లున్న కొత్త గ్రిల్స్‌కు ఈ బాధ లేదు. కాబట్టి తెచ్చుకునే ముందు మోటారు మీది చీటీ చదవడం తప్పనిసరి.

రెండవ రకం సాధారణ థర్మోస్టాట్. నిర్ణయించిన వేడి కన్నా తక్కువ ఉంటే ఆగర్‌ను నిరంతరంగా తిప్పుతుంది, ఎక్కువైతే కనీస వేగానికి దింపుతుంది. ఇనుప ఇస్త్రీపెట్టెకు ఇది చాలు. పెల్లెట్ మంటకు మాత్రం ఇంతకు ముందు చెప్పిన ఆలస్యం అడ్డు వస్తుంది. 107 డిగ్రీలు దాటగానే ఆగర్ నెమ్మదించినా, అప్పటికే గిన్నెలో పడిన గుళికలు కాలుతూనే ఉంటాయి, వేడి 120 దాకా పాకుతుంది. దిగడం మొదలుపెట్టాక ఆగర్ మళ్లీ తిరిగినా, కొత్త గుళికలు అంటుకునేలోపు 95కు పడిపోతుంది. ఇటూ అటూ పదిహేను డిగ్రీల దాకా ఊగడం ఈ రకానికి సహజ స్వభావమే గానీ లోపం కాదు. మాంసం ముక్క పెద్దదైతే ఈ ఊగిసలాటను అది పట్టించుకోదు. రెండు కిలోల రాన్ లోపలి భాగం పది నిమిషాల ఎగుడుదిగుళ్లను గుర్తించనంత నెమ్మదిగా వేడెక్కుతుంది, దానికి కావలసింది గంటల సగటు మాత్రమే. పల్చటి చేప ముక్కలు, కేక్, పనీర్ వంటివాటికి మాత్రం ఆ తేడా కనిపిస్తుంది.

మూడవది పీఐడీ. పేరులోని మూడు అక్షరాలు మూడు ప్రశ్నలు. ఇప్పుడు ఎంత తేడా ఉంది? ఆ తేడా ఎంతసేపటి నుంచి పేరుకుంటోంది? వేడి ఎంత వేగంగా మారుతోంది? మూడింటికీ వేర్వేరు బరువులిచ్చి కలిపి, రాబోయే ఇరవై ముప్పై సెకన్లలో ఆగర్ ఎంత శాతం తిరగాలో నిర్ణయిస్తుంది. గమ్యానికి చేరుతుండగానే గుళికలు తగ్గించడం మూడవ ప్రశ్న చేసే మేలు. బాగా సరిచేసిన పీఐడీ, గాలి లేని రోజున, మూత మూసి ఉన్నంతసేపు, తన సెన్సర్ దగ్గర రెండు మూడు డిగ్రీల లోపు తేడాతో నిలబెట్టగలదు. "తన సెన్సర్ దగ్గర" అన్న మాటను కొనుగోలుదారు మరచిపోకూడదు, ప్రకటనల్లో ఆ మాట ఉండదు.

పీఐడీకి తనదైన బలహీనత ఒకటి ఉంది. మాంసానికి మసాలా నీళ్లు చల్లడానికి మూత తెరిచారనుకోండి. సెన్సర్ దగ్గర వేడి క్షణాల్లో నలభై, యాభై డిగ్రీలు పడిపోతుంది. యంత్రం దానిని మంట మందగించడంగా భావించి గుళికలు కుమ్మరిస్తుంది, రెండవ ప్రశ్న ఖాతాలో తేడా పేరుకుపోతూ ఉంటుంది. మీరు మూత వేశాక ఇనుము దాచుకున్న వేడితో ఉష్ణోగ్రత దానంతట అదే కోలుకుంటుంది గానీ, అదనంగా పడిన గుళికలు కూడా అంటుకుంటాయి, 110 అడిగిన చోట 140 కనిపిస్తుంది. మంచి కంట్రోలర్లు హఠాత్తుగా పడిన వేడిని మూత తెరవడంగా గుర్తించి, కొన్ని నిమిషాలు ఆ ఖాతాను స్తంభింపజేస్తాయి. దుకాణంలో ప్రదర్శన చూసేటప్పుడు యాప్‌ను కాకుండా దీనిని పరీక్షించమని నా సలహా: గ్రిల్ 110 వద్ద స్థిరపడ్డాక రెండు నిమిషాలు మూత తెరిచి, మూసి, తరువాత పావుగంట డిస్‌ప్లేను గమనించండి. పది డిగ్రీల లోపు ఎగసి సర్దుకుంటే కొనదగినది. ముప్పై ఎగసిందంటే దాని పీఐడీ పేరుకే పీఐడీ.

బ్లోయర్ వేగాన్ని కూడా మార్చే నాలుగవ రకం ఉంది. తక్కువ వేడిలో గాలి తగ్గించి మంటను మందంగా ఉంచుతుంది, ఎక్కువ వేడిలో పెంచుతుంది. సూత్రరీత్యా ఇదే అన్నింటికన్నా మేలైనది. కానీ ధర ఎక్కువ, మరమ్మతుకు మన దగ్గర తెలిసిన చెయ్యి దొరకడం కష్టం.

ఇక పొగ విషయం. నిలకడగా మండే చిన్న మంట శుభ్రంగా కాలుతుంది, శుభ్రంగా కాలితే పొగ తగ్గుతుంది. థర్మోస్టాట్ రకంలో వేడి పడిపోయినప్పుడల్లా గుళికలు కాసేపు రగిలి పొగ ఎక్కువ వస్తుంది. ఆ వాసన కోసమే పాత కంట్రోలర్‌ను మార్చుకోనివారు ఉన్నారు, వారి మాటలో నిజం ఉంది. అయితే రగలడానికీ ఉక్కిరిబిక్కిరి కావడానికీ మధ్య గీత సన్నగా ఉంటుంది. తెల్లగా, దట్టంగా, కళ్లు మండించే పొగ మాంసానికి చేదు తెస్తుంది, నీలి ఛాయలో పల్చగా కనిపించే పొగే కావలసినది. పక్కింటివారు ఆరేసిన బట్టలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి.

అపార్ట్‌మెంట్ డాబా మీద నెలకు ఒకటి రెండుసార్లు వండేవారికి, మూత తెరిచే తీరును గుర్తించే పీఐడీని సూచిస్తాను. తీసుకోబోయేది చవకైనదే అయితే, నాసిరకం పీఐడీ కన్నా నిజాయితీగా పనిచేసే థర్మోస్టాట్ మేలు. టైమర్ రకాన్ని కొత్తగా డబ్బు పెట్టి కొనవద్దు, ఇంట్లో ఉన్నదైతే వాడుకోవచ్చు.

సెన్సర్: పుల్ల ఒకటే, లోపలి పదార్థం వేరు

గ్రిల్ గోడకు ఉండే సెన్సర్ చాలా వాటిలో ఆర్‌టీడీ, అంటే ప్లాటినం నిరోధకం. పీటీ100 అంటే సున్నా డిగ్రీల వద్ద 100 ఓములు, 100 డిగ్రీల వద్ద 138.5 ఓములు. పీటీ1000 అంటే సరిగ్గా దానికి పది రెట్లు. రెండింటి కచ్చితత్వంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. సాధారణ బి-తరగతి ప్లాటినం సెన్సర్ 110 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీ లోపు తప్పుతోనే చూపాలి. తేడా అంతా తీగల్లోనూ కనెక్టర్లలోనూ ఉంది. పీటీ100లో ఒక డిగ్రీ అంటే 0.385 ఓములు మాత్రమే. మూడు వానాకాలాలు గడిచి కనెక్టర్ మీద తుప్పో జిడ్డో పేరుకుని 5 ఓముల నిరోధం అదనంగా చేరిందంటే, డిస్‌ప్లే అసలు కన్నా 13 డిగ్రీలు ఎక్కువ చూపుతుంది, కంట్రోలర్ ఆ మేరకు గుళికలు తగ్గిస్తుంది, రాన్ ఉడకక మీరు మాంసం ముదురని కసాయిని తిట్టుకుంటారు. అదే 5 ఓములు పీటీ1000లో 1.3 డిగ్రీల తప్పుగా మాత్రమే కనిపిస్తాయి. డాబా మీద వానకూ ఎండకూ ఉండే యంత్రానికి పీటీ1000 మేలని నేను అనడానికి ఇదొక్కటే కారణం, చాలినంత కారణం.

ఒకదాని స్థానంలో మరొకటి పెట్టకూడదు. పీటీ100 కోరే కంట్రోలర్‌కు పీటీ1000 తగిలిస్తే అసాధ్యమైనంత వేడి కనిపించి యంత్రం ఎర్రర్‌తో ఆగిపోతుంది. విడి సెన్సర్ కొనేటప్పుడు మల్టీమీటర్ వెంట తీసుకెళ్లండి. 30 డిగ్రీల గదిలో పీటీ100 సుమారు 112 ఓములు, పీటీ1000 సుమారు 1,117 ఓములు చూపాలి.

రెండవ రకం కె-థర్మోకపుల్. రెండు వేర్వేరు మిశ్రమలోహపు తీగల కొసలను కలిపి వేడి చేస్తే డిగ్రీకి దాదాపు 41 మైక్రోవోల్టులు పుడతాయి, దానినే కొలుస్తుంది. వెయ్యి డిగ్రీలు దాటినా తట్టుకుంటుంది, చవక, మంట తగిలినా చావదు. కానీ 107 డిగ్రీల దగ్గర నెమ్మదిగా వండే పనికి ఆ ఓర్పు వృథా. మంచి రకంలో ఒకటిన్నర, సాధారణ రకంలో రెండున్నర డిగ్రీల తప్పుకు అనుమతి ఉంటుంది. పైగా అది కొలిచేది రెండు కొసల మధ్య తేడాను, కాబట్టి కంట్రోలర్ పెట్టె లోపలి వేడిని కూడా సరిగా తెలుసుకొని కలపాలి. మే నెలలో డాబా ఎండకు ఆ పెట్టె 55 డిగ్రీలకు చేరినప్పుడు నాసిరకం కంట్రోలర్ అక్కడే తడబడుతుంది.

థర్మోకపుల్ తీగను పొడిగించవలసి వస్తే మామూలు రాగి తీగ పనికిరాదు. దానికోసమే చేసిన కాంపెన్సేటింగ్ కేబుల్ అడగాలి. ధన, రుణ కొసలు తారుమారు కాకుండా చూసుకోవాలి. రంగులు ఇక్కడే ముంచుతాయి. అంతర్జాతీయ పద్ధతిలో కె-రకానికి ఆకుపచ్చ ధన, తెలుపు రుణ. అమెరికా పద్ధతిలో పసుపు ధన, ఎరుపు రుణ. మన కళ్లకు ఎరుపంటే ధనమే కదా! తారుమారు చేస్తే గ్రిల్ వేడెక్కేకొద్దీ డిస్‌ప్లే చల్లబడుతున్నట్టు చూపుతుంది, కంట్రోలర్ కంగారుపడి మరిన్ని గుళికలు తోస్తుంది. ఇది వంట చెడడంతో ఆగే పొరపాటు కాదు.

మూడవ రకం ఎన్‌టీసీ థర్మిస్టర్, మాంసంలో గుచ్చే ప్రోబుల్లో ఎక్కువగా ఉండేది ఇదే. గది ఉష్ణోగ్రత వద్ద ఒక లక్ష ఓములుండేది, వేడెక్కేకొద్దీ వేగంగా తగ్గుతూ 250 డిగ్రీల దగ్గర కొన్ని వందల ఓములకు పడిపోతుంది. మాంసం లోపలి 40 నుంచి 95 డిగ్రీల పరిధిలో చాలా సున్నితంగా పనిచేస్తుంది కాబట్టి అక్కడ దానిని నమ్మవచ్చు. గ్రిల్ గోడ సెన్సర్‌గా దానిని పెట్టిన చవక మోడళ్లను నేను ఇష్టపడను.

ఇష్టపడకపోవడానికి అసలు కారణం కచ్చితత్వం కాదు, చెడిపోయినప్పటి ప్రవర్తన. ఆర్‌టీడీ తీగ తెగితే నిరోధం అనంతమవుతుంది, కంట్రోలర్‌కు అది విపరీతమైన వేడిగా కనిపిస్తుంది, ఆగర్ ఆగిపోతుంది. ఎన్‌టీసీ తీగ తెగినా నిరోధం అనంతమే, కానీ అక్కడ అనంతం అంటే గడ్డకట్టే చలి. తప్పును గుర్తించే ఏర్పాటు లేని కంట్రోలర్ అయితే గుళికలను ఆపకుండా తోస్తుంది. థర్మోకపుల్ తీగల తొడుగు కాలి మధ్యలో ఎక్కడైనా ఒకదానికొకటి తగిలితే, అది ఆ తగిలిన చోటి వేడినే చూపుతుంది, అక్కడ చల్లగా ఉంటే ఫలితం మళ్లీ అదే. అందుకని ఏ రకం కొన్నా, అమ్మకందారు ఎదుటే సెన్సర్ ప్లగ్‌ను ఊడదీసి చూపించమనండి. ఎర్రర్ చూపి ఆగర్ ఆగితేనే ముందుకు మాట్లాడండి. ఒప్పుకోకపోతే అదీ ఒక జవాబే.

సెన్సర్ ఎక్కడ ఉంది?

అత్యుత్తమ ప్లాటినం సెన్సర్ అయినా తప్పు చోట ఉంటే తప్పునే కచ్చితంగా చెబుతుంది. ఎక్కువ గ్రిల్స్‌లో ఇది హాపర్ వైపు గోడకు, కమ్మీల మట్టానికి కాస్త పైనో కిందో ఉంటుంది. పొగగొట్టం వైపు వేడి వేరు, మధ్యలో వేరు, మూత కింద వేరు. మూత మీది గడియారం వంటి ముల్లు థర్మామీటర్ రెండు లోహాల చుట్టతో పనిచేసే నెమ్మది సాధనం, పైగా మాంసానికి అడుగు ఎత్తున ఉంటుంది. దానికీ డిస్‌ప్లేకూ పాతిక డిగ్రీల తేడా వచ్చినా ఆశ్చర్యపడవద్దు, దానిని చూసి సెట్టింగ్ మార్చవద్దు.

కమ్మీల మట్టంలో, మధ్యభాగానికి దగ్గరగా, మాంసానికి తగలనంత ఎడంగా సెన్సర్ ఉన్న మోడల్‌కు నా ఓటు. కొనే ముందు తెలియకపోతే, కొన్నాక 180 డిగ్రీల వద్ద కమ్మీల నిండా బ్రెడ్ ముక్కలు పరచి పది పన్నెండు నిమిషాలు ఉంచండి. ఏ మూల నల్లబడింది, ఏ మూల తెల్లగా మిగిలింది అన్నదే మీ గ్రిల్ పటం. చల్లటి రాన్‌ను సెన్సర్‌కు ఆనించి పెట్టడం మరొక సాధారణ పొరపాటు. పుల్ల చల్లబడి తక్కువ చూపుతుంది, రెండో వైపు పెట్టిన కోడి మాడుతుంది. కనీసం నాలుగు వేళ్ల ఎడం వదలాలి. పుల్ల మీద మసి, కొవ్వు పేరుకుంటే అది ఆలస్యంగా స్పందిస్తుంది, పీఐడీ ఎంత మంచిదైనా ఎగసిపడడం మొదలవుతుంది. కొత్తలో బాగున్న గ్రిల్ ఆరు నెలలకు ఊగుతోందంటే ముందు తడిగుడ్డతో పుల్ల తుడవండి, కంట్రోలర్‌ను ఆ తరువాత అనుమానించండి.

పరీక్షించే పద్ధతిలో ఒక స్థానిక సవరణ అవసరం. గిన్నెలో దంచిన ఐసు నింపి కొద్దిగా నీరు పోసి కలిపితే సున్నా డిగ్రీలు, ఇది ఎక్కడైనా ఒకటే. మరిగే నీరు మాత్రం హైదరాబాద్‌లో 100 కాదు. నగరం సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల ఇక్కడ నీరు సుమారు 98.2 డిగ్రీలకే మరుగుతుంది. ప్రోబ్ 98 చూపితే అది సరిగానే ఉంది. పుస్తకంలో 100 అని ఉందని రెండు డిగ్రీలు పైకి దిద్దితే చేజేతులా తప్పును తెచ్చిపెట్టుకున్నట్టే. మల్టీమీటర్‌తో చూసేవారికి మరిగే నీటిలో పీటీ100 సుమారు 137.8 ఓములు చూపాలి. ఇలా దిద్దుకునే వీలు, అంటే ఆఫ్‌సెట్ సెట్టింగ్, కంట్రోలర్‌లో ఉందో లేదో కొనే ముందే అడగండి.

కరెంటు, వాన, గుళికలు

కరెంటు పోతే బ్లోయర్ ఆగుతుంది, గిన్నెలో నిప్పు మాత్రం ఆగదు. గాలి లేక రగులుతూ, ఆగర్ గొట్టంలోని గుళికల వెంట హాపర్ వైపు పాకే అవకాశం ఉంది. ఇగ్నైటర్ వెలిగించే మొదటి కొన్ని నిమిషాలు తప్ప గ్రిల్‌కు కావలసిన విద్యుత్తు చాలా తక్కువ కాబట్టి ఇంటి ఇన్వర్టర్ చాలును. ఏసీ మోటారు ఉంటే సైన్ వేవ్ రకం వాడాలి. కరెంటు తిరిగి వచ్చాక కంట్రోలర్ ఏమి చేస్తుందన్నది ఎంపికలో ముఖ్యం. గుడ్డిగా గుళికలు తోయడం మొదలుపెట్టేదానిని వదిలివేయండి, ఎందుకంటే నిప్పు ఆరిపోయి ఉంటే గిన్నె నిండిపోయి, ఆ తరువాత ఒక్కసారిగా భగ్గుమంటుంది. వేడిని చూసుకొని, అవసరమైతే మళ్లీ వెలిగించి, అప్పుడు మాత్రమే కొనసాగేది కావాలి.

జులై, ఆగస్టు తేమకు గుళికలు ఉబ్బి పొడి అవుతాయి. ఆ పొడి ఆగర్‌లో ఇరుక్కుంటే వేడి పడిపోతుంది, పీఐడీ ఆగర్‌ను పూర్తి వేగంతో తిప్పుతుంది, ఇరుకు వదిలిన క్షణం వేడి ఆకాశానికి ఎగురుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచి, వంట అయ్యాక హాపర్ ఖాళీ చేయడమే దీనికి మందు. ఫ్యాక్టరీ బాయిలర్ల కోసం అమ్మే గుళికలు చవకగా దొరుకుతాయని వాడవద్దు. వాటిలో వేరుశనగ పొట్టు, వరి ఊక, ఏ చెక్కో తెలియని పొట్టు ఉండవచ్చు. వరి ఊకలో బూడిదే పదిహేను శాతానికి మించుతుంది. మంచి చెక్క గుళికల్లో అది ఒక శాతం లోపు. గిన్నె బూడిదతో నిండితే ఏ కంట్రోలరూ వేడిని నిలబెట్టలేదు, మాంసానికి పట్టే పొగలో ఏముందో ఎవరూ చెప్పలేరు.

పాత గ్రిల్‌కు కొత్త కంట్రోలర్

మా బావగారిలా టైమర్ గ్రిల్ ఉన్నవారికి మూడు దారులున్నాయి. పెల్లెట్ గ్రిల్ కోసమే తయారైన పీఐడీని తెప్పించుకోవడం మొదటిది. ఖర్చు ఎక్కువ, వోల్టేజీ సరిచూసుకోవాలి, కానీ వెలిగించడం, ఆర్పడం, మంట ఆరితే గుర్తించడం అన్నీ అందులోనే ఉంటాయి. రెండవది రాణిగంజ్‌లో పారిశ్రామిక సామగ్రి అమ్మేచోట దొరికే చిన్న చదరపు పీఐడీ కంట్రోలర్. థర్మోకపుల్, పీటీ100 రెండింటినీ తీసుకుంటుంది, చవక, దృఢమైనది, పాడైతే మరునాడే మరొకటి దొరుకుతుంది. అయితే అది విద్యుత్ హీటర్ల కోసం పుట్టిన యంత్రం. తన విలువలను తానే వెతుక్కునే దాని ఆటో-ట్యూన్ పద్ధతి మంటను పూర్తిగా ఆపి, పూర్తిగా వేసి చూస్తుంది. హీటర్‌కు అది సరిపోతుంది గానీ పెల్లెట్ మంట ఆ పరీక్షలోనే ఆరిపోతుంది. ఆగర్ కనీస శాతం కన్నా దిగకుండా అవుట్‌పుట్‌కు కింది పరిమితి పెట్టే వీలు ఉన్న మోడల్‌నే ఎంచుకొని, విలువలను చేత్తో దిద్దుకోవాలి. వెలిగించే, ఆర్పే క్రమం మన బాధ్యతే.

మూడవది రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద సొంతంగా కట్టుకోవడం. పైఫైర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇందుకోసమే ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో రిలేలు, తీగలు, ప్లాటినం సెన్సర్‌ను చదివే మాక్స్31865 వంటి బోర్డుల కోసం వెతకవచ్చు. వారాంతాలు దీనికి ఇవ్వగలిగినవారికి ఇది ముచ్చటైన పని, ఇచ్చిన డబ్బుకు దక్కే సౌకర్యాలు కూడా ఎక్కువ. ఆకలితో పదిమంది చుట్టాలు కూర్చున్న ఆదివారం నాడు మెమరీ కార్డు మొరాయిస్తే మాత్రం ముచ్చట తీరిపోతుంది.

బావగారు చివరికి మొదటి దారినే పోయారు. రెండవ, మూడవ దారుల్లో వెళ్లేవారు ఆగర్ మోటారు తీగకు వరుసలో, కంట్రోలర్‌తో సంబంధం లేని ఒక హై-లిమిట్ థర్మోస్టాట్‌ను ఆగర్ గొట్టానికి హాపర్ చివర తప్పక బిగించాలి. మంట వెనక్కి పాకి గొట్టం వేడెక్కితే సాఫ్ట్‌వేర్ ఏమనుకున్నా అది మోటారును ఆపుతుంది. తనంతట తాను తిరిగి కలుపుకునేది కాకుండా, బొత్తాం చేత్తో నొక్కితేనే మళ్లీ పనిచేసే రకాన్ని అడిగి తీసుకోండి.